దాంపత్యమునకు సాక్ష్యము

పెండ్లికి సాక్ష్యము చూపవలయునన్న మాట మన పూర్వులకు వింతగా తోచియుండును. పురోహితుడు అగ్నిసాక్షిగా మంత్రములు చెప్పెను, అరుంధతిని చూపెను, ఊరివారు భోజనము చేసి తాంబూలములు పుచ్చుకొని పోయిరి. అటుపిమ్మట వీరు ఆలుమగలగుదురా కారా యని యడుగువాడెవడు? ఎవడైన నడిగినచో ప్రక్కయింటివారే సమాధానము చెప్పుదురు. స్వగ్రామమున నున్నంతకాలము దాంపత్యమునకు లోకప్రసిద్ధియే ప్రమాణము. ఆలుమగలు సముద్రము దాటి, తమ్మెఱుగని యొక దొరతనమువారి గుమ్మముకడ నిలిచినపుడు ఆ ప్రసిద్ధి వెంటరాదు. వెంట వచ్చునవి కాగితములే.

అమెరికాకు గాని ఇంగ్లండునకు గాని భార్యనో భర్తనో పిలిపించుకొను తెలుగువారు నేడు పెక్కండ్రు. వారు దాఖలు చేయు కాగితములలో వివాహధ్రువపత్రము మొదటిది మాత్రమే. దానివలన పెండ్లి జరిగినదని తేలును. అది కాపురము కొఱకు జరిగినదో, పరదేశప్రవేశము కొఱకు జరిగినదో తేలదు. ఈ రెండవ సంగతిని తేల్చుకొనుటకై అధికారులు చూచువానిలో ధనసంబంధమైన పత్రములు ముఖ్యములు. ఇరువురి పేర నున్న బ్యాంకిఖాతా, ఇరువురి పేర నున్న యిల్లు, ఇరువురు కలిసి చేసిన యప్పు మొదలగునవి. ఇరువురును ఉద్యోగములు చేయుచు ఎవరి జీతము వారి ఖాతాలో నుంచుకొను దంపతులు ఇచట తటపటాయించుచున్నారు. మాకు ఉమ్మడి ఖాతా లేదు గదా, మా పెండ్లి దొంగపెండ్లి యందురా యని వారి భయము.

ఈ ప్రశ్న వెనుక రెండు చరిత్రములున్నవి. ఒకటి పరదేశపు గుమ్మమున దాంపత్యమును పరీక్షించిన విధము. రెండవది స్త్రీ తన ధనమును తనదిగా నిలుపుకొనిన విధము. ఈ రెండును వేఱు వేఱు త్రోవల నడచివచ్చి యిప్పుడొక దరఖాస్తుకడ ఎదురుపడినవి. చదువరులకు ఈ రెంటిని కలిపి చూపుట మా యుద్దేశము.

మొదటిదానికి అమెరికా పడమటి తీరమున నారంభింతము. 1882లో అమెరికావారు చీనాకూలీలు తమ దేశమున కాలుపెట్టకుండ శాసనము చేసిరి. వర్తకులకు మాత్రము ప్రవేశము కలదు. వర్తకుని భార్యకు వేఱుగా అనుమతిపత్రము అక్కఱలేదని 1900లో వారి సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. తీర్పు ఉదారమైనదే. కాని దానితో, వచ్చిన ప్రతి స్త్రీయు నిజముగా భార్యయేనా యను శంక అధికారులకు ముదిరెను. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునందు ఏంజెల్ ద్వీపమని యొకటి కలదు. 1910 మొదలు 1940 వఱకు ఆసియాఖండమునుండి వచ్చినవారిని, అందు ముఖ్యముగా చీనావారిని, అచట నిలిపి విచారించిరి. భర్తనొకచోటను భార్యనొకచోటను కూర్చుండబెట్టి ప్రశ్నలడిగిరి. మీ యూర ఇండ్లెన్ని వరుసలు? మీ వాకిట మెట్లెన్ని? నీళ్ల బావి ఇంటికి ఏ దిక్కున నున్నది? ఇరుగుపొరుగువారి పేరులేమి? ఒకరి జవాబులు రెండవవారి జవాబులతో సరిపోల్చి, కలియనిచో తిరుగు ఓడ ఎక్కించుచుండిరి.

మా చదువరులలో తమ యింటి మెట్లెన్నో చూడకుండ చెప్పగలవారు ఎందఱుందురు? పదియేండ్లు ఎక్కి దిగినవాడును తడబడును. బూటకపు సంబంధముతో వచ్చినవాడు తడబడడు. ఎందుకనగా వానికి ముందుగనే ప్రశ్నోత్తరముల పుస్తకము వ్రాసి యిచ్చెదరు. వాడు ఓడమీద వల్లించి, తీరము చేరకముందే దానిని సముద్రమున పాఱవైచును. ఇట్టి పుస్తకములు నిజముగా నుండినవి. పరీక్ష కఠినమైన కొలది వల్లెవేసినవాడు గట్టెక్కుటయు, కాపురము చేసినవాడు చిక్కుకొనుటయు సంభవించెను. బడిలో మేమును దీనిని ఎఱుగుదుము.

జపానుదేశపు వధువుల కథ మఱియొక రీతిది. 1907, 1908 సంవత్సరములలో జరిగిన యొడంబడికచొప్పున జపాను కూలీల రాక నిలిచెను గాని భార్యల రాక నిలువలేదు. అప్పటికే అమెరికాలో నున్నవారు ఛాయాపటములు పంపి, పెద్దలచేత సంబంధము కుదిర్పించుకొని, కుటుంబపు రిజిస్టరులో వధువు పేరు చేర్పించిరి. వారి దేశచట్టమునకు అది వివాహమే. అమెరికావారి కన్నులకు అది వివాహముగా కనబడలేదు. పెక్కేండ్లు ఓడ దిగినంతనే రేవులోనే మరల పెండ్లి జరిపించుచుండిరి. తుదకు 1920లో జపానుప్రభుత్వమే ఆ వధువులకు ప్రయాణపత్రము లిచ్చుట మానెను.

మనవారికి దగ్గఱిది దక్షిణాఫ్రికా కథ. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మద్రాసునుండి కూలీలను తీసికొని డర్బను చేరెను. ఆ నాటినుండి చెన్నపురి రేవు విడిచి నేటాలు పోయిన కూలీలలో తెలుగువారు వేలకొలదిగ నుండిరి. వారి పెండ్లిండ్లు పందిటిలో జరిగినవే గాని పత్రములమీద జరిగినవి కావు. 1913 మార్చి 14వ తేదీన కేపు న్యాయస్థానమున సెర్లు అను న్యాయాధిపతి, బొంబాయినుండి భర్తయొద్దకు వచ్చిన బాయి మరియమను నామె విషయమున తీర్పు చెప్పుచు, బహుభార్యాత్వము నంగీకరించు మతాచారము ననుసరించి జరిగిన వివాహము వలసచట్టమునకు వివాహము కాదనెను. ఆ మాటతో ఆ దేశమందలి హిందూమహమ్మదీయ స్త్రీలలో నూటికి తొంబదిమందికి పైగా భార్యలు కాకపోయిరి. వారి బిడ్డలకు వారసత్వము సందిగ్ధమయ్యెను. అంతవఱకు సత్యాగ్రహమున పురుషులే యుండిరి. ఈ తీర్పు పిమ్మట స్త్రీలు కదలిరి. కస్తూరిబా ఆ సెప్టెంబరులో ఫీనిక్సునుండి పదునైదుగురితో బయలుదేరి ట్రాన్స్‌వాలు సరిహద్దున పట్టుబడి మూడు నెలల కఠినశిక్ష ననుభవించెను. వళ్లియమ్మ యను పదునాఱేండ్ల తమిళబాలిక కారాగృహమున జ్వరము తగిలి 1914 ఫిబ్రవరిలో మరణించెను. ఆ యేటనే వెలువడిన పరిహారచట్టము మూడు పౌనుల పన్నును తీసివేసి, భారతీయుల యేకపత్నీవివాహమును అంగీకరించెను. మన చరిత్రగ్రంథములు పన్నును తలచినంతగా ఈ వివాహాంశమును తలచవు. మా యభిప్రాయమున స్త్రీలను వీథికి తెచ్చినది వివాహమే.

ఇంగ్లండు విషయము క్లుప్తముగా చెప్పెదము. 1979 జనవరిలో లండను విమానాశ్రయమున, పెండ్లియాడుటకై వచ్చిన యొక భారతీయోపాధ్యాయినికి కన్యాత్వపరీక్ష జరిపిన సంగతి పత్రికలలో వెలువడి గగ్గోలయ్యెను. 1980 మొదలు 1997 వఱకు అచట మఱియొక నియమము నడచెను. తన వివాహమునకు ముఖ్యోద్దేశము ఆ దేశప్రవేశము కాదని దరఖాస్తుదారుడే ఋజువు చేయవలయును. లేనిదానిని లేదని ఋజువు చేయుట ఎంత కష్టమో తర్కము చదివినవారెఱుగుదురు. పెద్దలు కుదిర్చిన సంబంధములలో వధూవరులకు ముందు పరిచయముండదు. ఆ పరిచయము లేకపోవుటయే సంశయమునకు హేతువయ్యెను.

ఈ కథలన్నిటను ఒక సామ్యమున్నది. పరీక్షించువాడు తన యింటి యాచారమును కొలబద్దగా పట్టుకొని యెదుటివాని కాపురమును కొలిచినాడు. ఒకచోట ఆ కొలబద్ద చర్చి, ఒకచోట తొలిపరిచయము, నేడు ఉమ్మడి ఖాతా.

నేటి అమెరికా నియమములు ఈ దోషమునుండి పూర్తిగా విడివడలేదు గాని, వాని మూలసూత్రము మాత్రము మంచిది. 1975లో బార్కను నతని వ్యాజ్యమున తొమ్మిదవ మండలపు అప్పీలుకోర్టు, పెండ్లినాటికి ఆ యిరువురును కలిసి జీవింప తలచిరా లేదా యనునదియే ప్రశ్నయని నిర్ణయించెను. తరువాత వారు విడిపోయినను ఆ యొక్క కారణముచేత వివాహము బూటకము కాదు. పరదేశుల కాపురములు స్వదేశుల కాపురములకంటె ఎక్కువ సంప్రదాయబద్ధముగ నుండవలయునని కోరుటకును వీలులేదు. 1976లో న్యూయార్కున స్టోక్సను నామె పేర నడచిన వ్యాజ్యము ఒడంబడికగా ముగిసి, దంపతులను వేఱువేఱుగ ప్రశ్నించునపుడు వకీలు తోడుండుటకును, ప్రశ్నోత్తరములు రికార్డగుటకును ఏర్పాటు జరిగెను. ఏంజెల్ ద్వీపపు పద్ధతికి ఇదియొక సంస్కారము. 1983లో వలసవ్యవహారముల అప్పీలుమండలి లారియానో వ్యవహారమున సాక్ష్యము పెక్కు రూపముల నుండవచ్చునని చెప్పుచు, బీమాపత్రములు, అద్దె కాగితములు, పన్ను లెక్కలు, బ్యాంకిఖాతాలతోపాటు పరిచయము కలిగిన విధము, పెండ్లితంతు, కలిసి వసించిన యిల్లు, కలిసి యనుభవించిన విషయములు అన్నియు పేర్కొనెను.

పిమ్మట 1986 చట్టము వచ్చెను. వివాహములలో నూటికి ముప్పది బూటకములని వలసశాఖవారు శాసనసభ యెదుట చెప్పిరి. ఆ సంఖ్య అనుమానింపబడినవాని సంఖ్యయేగాని ఋజువైనవాని సంఖ్య కాదనియు, లెక్క తీసిన పద్ధతియే సరిగా లేదనియు తరువాత న్యాయస్థానములలో తేలెను. అప్పటికి చట్టము నిలిచిపోయెను. దానిచొప్పున పెండ్లియై రెండేండ్లు నిండకముందు నివాసాధికారము పొందినవారికి అది షరతుతో కూడినది. రెండేండ్ల గడువు ముగియుటకు ముందు తొంబది దినములలో ఇరువురును కలిసి మరల దరఖాస్తు చేసి, కాపురము నిజమని చూపవలయును. దానికి నియమావళిలో చెప్పిన సాక్ష్యములివి: ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి అద్దె కాగితము, ధనము కలిపికొన్న నిదర్శనము, బిడ్డల జన్మపత్రములు, ఎఱిగినవారి ప్రమాణపత్రములు, తుదకు ఇతరములైన యే పత్రములైనను. ఈ తుది మాటను మా చదువరులు గుర్తుంచుకొందురు గాక. ధనము కలిపికొనుట ఆ జాబితాలో నొకటి; అది లేనిచో దరఖాస్తు చెల్లదని యెక్కడను లేదు. అయినను జాబితాలో ముందు నిలిచినవి ధనమువే కావున, చూచువాని కన్ను ముందుగ వానిమీదికే పోవును.

ఇక స్త్రీధనము మాట. ధర్మశాస్త్రములు ఈ విషయమున మనము తలచినంత లోభము చూపలేదు. అగ్నియెదుట ఇచ్చినది, అత్తవారింటికి పోవునపుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, తల్లిదండ్రులును అన్నదమ్ములును ఇచ్చినది అని మనువు ఆఱు విధములు చెప్పెను. బంధువులు ప్రీతితో నిచ్చిన సౌదాయికముమీద భర్తకు గాని కుమారునికి గాని అధికారము లేదని కాత్యాయనుడు వ్రాసెను. కఱవునందును, రోగమునందును, బందీయైనపుడును భర్త వాడుకొనిన తిరిగి ఈయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయించెను. మన జిల్లాలలో కూతురికి పసుపుకుంకుమల క్రింద భూమి వ్రాసి యిచ్చు నాచారమును ఈ తెగలోనిదే. కాని యొక లోపము గలదు. స్త్రీ తన చేతిపనివలన సంపాదించినది భర్తయధీనమని యా కాత్యాయనుడే చెప్పినాడు. ఇచ్చినది ఆమెది, ఆర్జించినది ఆయనది!

ఇంగ్లండున స్థితి ఇంతకంటె హీనము. పెండ్లియైనంతనే భార్య చరాస్తియు జీతమును భర్తవగుచుండెను. ఆలుమగలు ఏకవ్యక్తియను సూత్రమునకు అర్థము ఆ వ్యక్తి భర్తయనియే. 1870లో ఆమె కూలి ఆమెకు దక్కెను. 1882 చట్టముతో ఆస్తి యంతయు దక్కెను. అమెరికాలో మిసిసిపీ 1839లోను, న్యూయార్కు 1848లోను మేలుకొనెను. అయినను భర్త సంతకము లేనిదే స్త్రీకి అప్పు పుట్టనిచ్చని వ్యవహారము బ్యాంకులలో 1974 చట్టము వఱకు నడచెను. మన దేశమున 1874లో చేసిన వివాహితస్త్రీల ఆస్తిచట్టము భార్య జీతమును ఆమెదేయని చెప్పెను గాని హిందువులకు వర్తింపలేదు. 1930లో విద్యార్జితచట్టము వచ్చి, చదువుకొని సంపాదించినవాని జీతమును ఉమ్మడి కుటుంబమునుండి విడదీసెను. ముందుగ వేఱు సంచి కోరుకొన్నవాడు మగవాడేయని దీనివలన గ్రహింపవచ్చును. భార్యకు తన నేర్పువలనను శ్రమవలనను వచ్చినదానిమీద పూర్ణాధికారము 1956 వారసత్వచట్టము 14వ ప్రకరణముతో స్థిరపడెను. 1985లో ఆంధ్రప్రదేశమున కూతురికి పిత్రార్జితమున కుమారునితో సమభాగము లభించెను. 2005లో దేశమంతటను లభించెను. ఆ 1985లోనే మన సుప్రీముకోర్టు ప్రతిభారాణి వ్యాజ్యమున, భార్య స్త్రీధనము అత్తవారింట నుంచినంతమాత్రమున ఉమ్మడి సొత్తు కాజాలదనియు, దానిని పట్టుకొన్న భర్త కావలివాడు మాత్రమేననియు తీర్పు చెప్పెను.

అనగా ఒక దేశపు న్యాయస్థానము కలిపినట్లు భావింపవలదనగా, మఱియొక దేశపు వలసకచేరి కలిపినట్లు చూపుమనుచున్నది. హైదరాబాదునుండియో విజయవాడనుండియో చదువుకొనిపోయిన యిల్లాలు ఈ రెంటి నడుమ నిలిచియున్నది. ఆమె ఖాతా వేఱుగ నుండుటకు కారణములు తఱచు మాన్యములే. చదువునకై చేసిన యప్పు ఆమె పేర నున్నది. ముదుసలి తల్లిదండ్రులకు నెలనెల ఆమె పంపుకొనవలయును. కొడుకు పంపిన నెవరును ప్రశ్నింపరు గాని, కూతురు పంపినచో ఉమ్మడి ఖాతాలో అది యొక వివాదమగును. పునర్వివాహమైనచో మొదటి వివాహపు బిడ్డల కొఱకు దాచవలయును. మఱికొందఱికి కలుపుకొనుటకే వీలులేకపోయెను: 2015 మే నెల వఱకు, తాత్కాలికోద్యోగులలో పెక్కండ్ర భార్యలకు అమెరికాలో పని చేయుటకే అనుమతి లేదు. ఆ యేట కొందఱికి మాత్రము ఆ యనుమతి కలిగెను.

ఇట్టివారు ఏమి చేయవలయును? ఇంటర్వ్యూకు నెల ముందు హడావుడిగా ఉమ్మడి ఖాతా తెఱచి అందులో నూఱు డాలర్లు వేసి చూపుటకు కొందఱు సలహా యిచ్చెదరు. మేమీ సలహాను మెచ్చము. కదలని ఖాతా కాపురమును చూపదు. అధికారికి లేని యనుమానమును అది తెచ్చిపెట్టును. దానికంటె ఉన్న సంగతినే చెప్పుట మేలు. మా ఖాతాలు వేఱు, కారణమిది, ఇంటిఖర్చులు ఇట్లు పంచుకొందుమని ఇరువురును సంతకముచేసి వ్రాసి, దానికి నిదర్శనములు జతపఱుపవలయును. అద్దె ఆయన కట్టినచో తన సగము ఆమె ఆయనకు నెలనెల పంపిన బ్యాంకి లెక్కలుండును. విద్యుత్తు ఆమె పేర, టెలిఫోను ఆయన పేర నున్నచో రెండును ఒకే చిరునామాకు వచ్చును. వేఱు ఖాతాలలోనుండి ఒకే గుమ్మమునకు పోయిన ధనము ఇరువది నాలుగు నెలలు కనబడినచో అదియు ధనసంబంధమైన సాక్ష్యమే.

ఇన్కంటాక్సు విషయమున మాత్రము మిక్కిలి జాగరూకత వలయును. ఖాతాలు వేఱైనను దంపతులు పన్ను లెక్కను కలిసి దాఖలు చేయవచ్చును. వేఱుగ దాఖలు చేసినను వివాహితులమనియే వ్రాయవలయును. అవివాహితుడనని వ్రాసినవాని కాగితమే వానికి ప్రతిసాక్షి యగును. బీమాపత్రమున హక్కుదారుగ ఎవరి పేరు వ్రాసినారు? ఉద్యోగస్థలమున ఆపత్కాలమందు పిలువవలసినవారిగ ఎవరిని చూపినారు? జబ్బుపడినపుడు ఆసుపత్రిలో సంతకము చేసినదెవరు? ఇట్టివానిని ఎవరును పరీక్ష కొఱకు వ్రాయరు కనుక మా దృష్టిలో వీనికి విలువ హెచ్చు. ఎఱిగినవారి ప్రమాణపత్రములు కూడ అలక్ష్యము చేయదగినవి కావు. మంచి దంపతులని రెండు వాక్యములు వ్రాయించుకొనినచో ప్రయోజనముండదు. ఏ పండుగకు ఎవరింట భోజనము చేసిరి, ఎవరి ప్రసవమునకు ఎవరు తోడుండిరి యని తేదీలతో వ్రాయించుకొనవలయును.

బూటకపు పెండ్లిండ్లు లేవని మేమనుట లేదు. కలవు. తెలిసి చేసినవారికి అయిదేండ్ల వఱకు కారాగృహము, రెండున్నర లక్షల డాలర్ల వఱకు జుల్మానా అచటి చట్టమున నున్నవి. అట్టి వివాహము నాశ్రయించినవానికి పిమ్మట నిజమైన పెండ్లి చేసికొన్నను ఆ త్రోవ మూసికొనిపోవును. కాని అట్టివారికి ఉమ్మడి ఖాతా తెఱచుట అన్నిటికంటె సులభమైన పని యని అధికారులు గుర్తెఱుగవలయును. అది ఒక మధ్యాహ్నపు పని.

చివరకు చెప్పవలసినది ఇంకొకటి గలదు. 1986 చట్టమున ఇరువురును కలిసి సంతకము చేయవలయునను నియమము భర్తచేతికి ఒక కొరడా నిచ్చెను. కొట్టినను తిట్టినను, సంతకము చేయనన్న భయముతో ఆమె పడియుండెను. 1990లో దానిని సవరించి, హింసకు గుఱియైన భార్య గాని భర్త గాని రెండవవారి సంతకము లేకయే దరఖాస్తు చేయుటకు వీలు కల్పించిరి. వివాహము సద్బుద్ధితో జరిగి విడాకులైనవారికిని అట్లే కలదు. కాని ఆమెకు గూడ ఆ కాపురము నిజముగ నుండెనని పత్రములు కావలయును గదా. ఇల్లు విడిచి వచ్చినపుడు దస్త్రమంతయు భర్త బీరువాలో నుండిపోయినచో ఆమె యేమి చూపగలదు? జీతము భర్త చేతిలోని ఉమ్మడి ఖాతాలోనే పడుచున్నచో వకీలునకు నేమి యిచ్చును? కావున పరదేశమునకు కూతురిని పంపు తల్లిదండ్రులు నగలు లెక్కించునపుడే ఈ సంగతియు చెప్పి పంపవలయును: జీతము పడుటకు ఆమె పేర నొక ఖాతా, వివాహధ్రువపత్రము మొదలు అద్దె కాగితము వఱకు ప్రతిదానికి ఆమెయొద్ద నొక నకలు, ఆ నకలు ఇంటిలో గాక ఆమెకు నమ్మకమైన మఱియొకచోట.